క్యాంపింగ్‌కి తేలికపాటి లివర్ కార్బైన్: ఎంపిక నుంచి చేతికి అలవాటయ్యేదాకా నా అనుభవం

అడవిలో టెంట్ వేసుకుని రెండు రాత్రులు గడపాలంటే సామానులో ప్రతి అరకిలో లెక్కే, తుపాకీ కూడా ఆ లెక్కలోదే. టెక్సాస్‌లో రాత్రిపూట గుంపులుగా తిరిగే అడవిపందులు, న్యూ మెక్సికో, కొలరాడో కొండల్లో నల్ల ఎలుగులు, ఫోన్ సిగ్నల్ లేని చోట మన జాగ్రత్త మనమే చూసుకోవలసిన పరిస్థితి. వీటన్నిటికీ కలిపి ఒకే కార్బైన్ (పొట్టి రైఫిల్) ఎంచుకోవాలని మొదలుపెట్టాను. షరతులు మూడు పెట్టుకున్నాను. తూటాలతో సహా మూడు కిలోలు దాటకూడదు. టెంట్ గుమ్మంలో అటూ ఇటూ తిప్పగలిగే పొడవే ఉండాలి. దుర్భిణి లేకుండా ఉత్త కళ్లతో వంద గజాల లోపు నమ్మకంగా తగలాలి.

లివర్ తుపాకీ అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే పిడిని కిందికి తోసి మళ్లీ మూస్తే తర్వాతి తూటా ఎక్కే రకం; దాని వైపు మొగ్గడానికి కారణం దాని ఆకారం. రెండు పక్కలా చదునుగా ఉంటుంది, కింద మ్యాగజైన్ పొడుచుకు రాదు, బ్యాగుకి ఆనించి కట్టుకోవచ్చు. ఇంకో సౌకర్యం చట్టం ఇచ్చింది. కొలరాడోలో 15 తూటాలు దాటిన మ్యాగజైన్లపై నిషేధం ఉంది, కానీ లివర్ తుపాకీలో బారెల్ కింద తూటాలు నింపే గొట్టం మ్యాగజైన్‌కి అందులో మినహాయింపు ఇచ్చారు. రాష్ట్రాలు దాటి క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లకి ఇది పెద్ద ఊరట.

తుపాకీ గురించి చదివే ముందు మన కాగితాలు చూసుకోవాలి. హెచ్1బి, ఎల్1, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని, ఒక్క తూటా గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే అది ఒక మినహాయింపు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. మన ఇళ్లలో జరిగే పొరపాటు ఇంకోటి ఉంది: హెచ్1బి మీద ఉన్న స్నేహితుడి డబ్బుతో అతని కోసం మనం మన పేరు మీద కొనడం. ఇది జైలుకి పంపే నేరం. సందర్శకుల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, హెచ్4 మీద ఉన్న బంధువులు ఇంట్లో ఉన్నప్పుడు బీరువా తాళంచెవి వాళ్ల చేతికి అందే చోట ఉండకూడదు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి తుపాకీ చిక్కేలా వదిలేసినా నేరమే. అందుకని తుపాకీ కంటే ముందు ఉక్కు పెట్టె, అంకెల తాళం కొన్నాను.

ఇక బరువు. 357 మాగ్నమ్ అనే ఒకే రకం తూటాకి చేసిన తుపాకీల మధ్య కూడా మూడు పౌండ్ల పైన తేడా ఉంటుంది. ఇత్తడి బాడీ, ఎనిమిది పలకల బారెల్ ఉన్న హెన్రీ బిగ్ బాయ్ 8 పౌండ్లు దాటుతుంది. చూడముచ్చటగా ఉంటుంది గానీ భుజానికి తగిలించుకుని కొండెక్కే వస్తువు కాదు. అదే కంపెనీ నల్ల ప్లాస్టిక్ బట్ (భుజానికి ఆనే వెనక భాగం) మోడల్ 7 పౌండ్లకు పైనే. 20 అంగుళాల బారెల్ విన్‌చెస్టర్ 1892 సుమారు 6 పౌండ్లు. 1892 నమూనాలోనే 16 అంగుళాల గుండ్రటి బారెల్‌తో వచ్చేవి 5 పౌండ్ల (సుమారు 2.3 కిలోల) దగ్గర తేలతాయి, మొత్తం పొడవు సుమారు 34 అంగుళాలు. తుపాకీల రూపకర్త జాన్ బ్రౌనింగ్ ఈ నమూనాను పొట్టి తూటాల కోసమే గీశాడు, కాబట్టి బాడీ చిన్నది. 30-30 అనే పొడవు తూటాకి చేసిన 1894 నమూనా బాడీ దానికంటే పొడుగు. తేలిక అక్కడే వస్తోంది. బారెల్ కోయించి ఇంకా తగ్గిద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. రైఫిల్ బారెల్ 16 అంగుళాల కంటే, లేదా మొత్తం పొడవు 26 అంగుళాల కంటే తగ్గితే 1934 నాటి చట్టం కింద ముందే రిజిస్టరు చేయించాలి, లేకపోతే కేసు.

తూటా దగ్గర ఎక్కువ రోజులు ఆగాను. 30-30 జింకల వేటకి మంచిదే, దూరం కూడా పోతుంది. 44 మాగ్నమ్ దెబ్బ గట్టిది. కానీ 5 పౌండ్ల తుపాకీలో 44 కాలిస్తే భుజం పదో తూటాకే మొరాయిస్తుంది, ఆపైన అభ్యాసం సాగదు. 357 తుపాకీలో 38 స్పెషల్ తూటా కూడా పేలుతుంది, ఇదే నన్ను గెలిచింది. 38తో చప్పుడు, తన్ను రెండూ తక్కువ, రోజంతా సాధన చేయొచ్చు. అడవికి 357 పట్టుకెళ్లొచ్చు. 158 గ్రెయిన్ల (ముందుకి దూసుకెళ్లే గుండు ఒక్కదాని బరువు, సుమారు 10 గ్రాములు) 357 తూటా నాలుగంగుళాల రివాల్వర్ నుంచి సెకనుకి 1200 అడుగుల పైచిలుకు వేగంతో వెళ్తే, 16 అంగుళాల బారెల్ నుంచి చాలా రకాలు 1700 దాటతాయి. వేగం అంత పెరిగితే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. తొడుగుతో సహా మొత్తం తూటా బరువు 16 గ్రాముల దగ్గర, ఎనిమిది నింపినా 130 గ్రాములు మించదు.

గొట్టం మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనక దాని ముక్కు ముందు దాని ప్రైమర్‌కి (తూటా అడుగున దెబ్బ తగిలితే అంటుకునే బిళ్లకి) ఆనుతుంది. మొన తేలిన గట్టి తూటా పెడితే తన్నుకి లోపలే పేలే ప్రమాదం ఉంది. అందుకే చదును ముక్కు తూటాలే కొనాలి, లేదా గొట్టం మ్యాగజైన్ కోసమే చేసిన మెత్తటి ప్లాస్టిక్ మొనవి.

దుకాణంలో చేతికిచ్చాక మొదట బట్‌ని మోచేతి మడతలో ఆనించి చూపుడువేలు ట్రిగ్గర్‌కి అందుతుందో లేదో చూశాను. అందకపోతే బట్ పొడవెక్కువ, కోయించాలి. తర్వాత అనుమతి తీసుకుని ఐదు డమ్మీ తూటాలు గేటు (బాడీ పక్కన తూటాలు దూర్చే మూత) ద్వారా ఎక్కించి, తుపాకీ భుజం మీద ఉండగానే లివర్ ఆడించాను. బొటనవేలిని గేటు అంచు కోసిందా, ఆఖరి తూటా ఎక్కించేటప్పుడు స్ప్రింగు మరీ ఎదురు తంతోందా, ప్రతి తూటా సాఫీగా ఛాంబర్‌లోకి (బారెల్ వెనక తూటా పేలే గదిలోకి) వెళ్లిందా, గురి చూసే సైట్లు బారెల్‌కి నిటారుగా ఉన్నాయా అన్నవి గమనించాలి. పెద్ద గుండ్రటి లివర్ చేతొడుగులకి పనికొస్తుంది, మిగతా రోజుల్లో తీగలకీ బెల్టులకీ తగులుకుంటుంది. మామూలు లివరే తీసుకున్నాను.

కొనుగోలు ఫెడరల్ ప్రభుత్వ ఫారం 4473 మీద జరుగుతుంది. ప్రస్తుత చిరునామా ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు కావాలి. ఇల్లు మారి లైసెన్సు మీద పాత చిరునామా ఉంటే, కొత్త చిరునామా ఉన్న మరో ప్రభుత్వ కాగితం కూడా చూపించాలి. గ్రీన్‌కార్డు వాళ్లు కార్డు మీది నంబరు రాయాలి. దుకాణం వాళ్లు ఎఫ్‌బీఐ తనిఖీకి పంపుతారు. వెంటనే సరే అనొచ్చు, ఆగమనొచ్చు, కాదనొచ్చు. ఆగమంటే మూడు పనిదినాల లెక్క మొదలవుతుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందూ వెనకా అవుతుంది కాబట్టి అన్ని కాగితాల్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకున్నాను.

అసలు పని రేంజ్‌లో మొదలైంది. మొదటి వంద రౌండ్లలో మూడు ఇబ్బందులు వచ్చాయి. మొదటిది, ముక్కు బల్లపరుపుగా ఉండే వాడ్‌కట్టర్ 38 తూటాలు ఛాంబర్ అంచుకి తగిలి నిలబడిపోయాయి. లోపలి పైకెత్తే పలక 357 పొడవుకి కుదిర్చినది, 38 మొత్తం పొడవు కొంచెం తక్కువ, దానికితోడు ముక్కుకి వాలు లేదు. గుండ్రటి అంచు, చదును కొన ఉన్న 158 గ్రెయిన్ల 38కి మారగానే ఆ సమస్య పోయింది. రెండోది నా చేతిది: లివర్ని సగమే తోయడం. ఖాళీ తొడుగును బయటికి విసిరేది, కొత్త తూటాని పైకి లేపేది లివర్ ప్రయాణంలో చివరి అంగుళమే. అక్కడిదాకా పోకుండా వెనక్కి లాగితే ఖాళీ తొడుగు లోపలే ఉండి కింద కొత్తది ఇరుక్కుంటుంది. నెమ్మదిగా తోస్తే ఇది ఎక్కువవుతుంది. లివర్ ఆగిపోయిన శబ్దం వినిపించేదాకా గట్టిగా తోసి, అంతే గట్టిగా మూయాలి. ఇంట్లో డమ్మీలతో రోజుకి యాభైసార్లు, రెండు వారాలు చేశాక చేయి దానంతటదే నేర్చుకుంది. మూడోది, మ్యాగజైన్ గొట్టం కొనన ఉండే మర సడలి గొట్టం ఊగింది. విప్పి, నూనె తుడిచి, మరకి నీలం రంగు లాక్‌టైట్ (మరలు సడలకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క పెట్టి బిగించాను. ఎరుపుది పెడితే వేడి చేస్తే తప్ప ఊడదు.

357తో 50 గజాల దగ్గర సున్నా కుదిర్చాను, అంటే గురిపెట్టిన చోటే తూటా తగిలేలా సైట్లు సరిచేశాను. వెనక సైట్‌ని తూటా ఎటు వెళ్లాలో అటే జరపాలి, ముందు సైట్‌నైతే దానికి ఎదురు దిక్కున. అలా కుదిరాక 100 గజాల్లో తూటా మూడు నాలుగు అంగుళాలు కిందికి తగులుతుంది. అదే గురితో 38 పేలిస్తే 50 గజాల్లోనే రెండు మూడు అంగుళాలు దిగుతుంది. కాబట్టి సాధనకి 38 వాడినా, అడవికి వెళ్లే ముందు కనీసం పది 357లు కాల్చి గురి సరిచూసుకుంటాను.

శిబిరంలో గొట్టం నిండా, ఛాంబర్ ఖాళీగా, హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) దించి ఉంచుతాను. అవసరమైతే ఒక్క లివర్ చాలు. ఖాళీ చేసేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి: గేటు తుపాకీలో తూటాలన్నీ లివర్‌తోనే ఒక్కొక్కటిగా బయటికి రావాలి, అంతసేపూ వేలు ట్రిగ్గర్ గార్డు బయటే, బారెల్ మూతి నేల వైపే. ఎనిమిది ఎక్కిస్తే ఎనిమిది నేల మీద కనపడాలి. తర్వాత చిటికెనవేలితో ఛాంబర్ తడిమి చూస్తాను, చీకట్లో కంటి కంటే వేలే నమ్మకం.

ఎలుగు విషయంలో మాత్రం మొదటి ఆయుధం మిరప ఘాటు చిమ్మే బేర్ స్ప్రేనే. బెల్టుకి ఉంటుంది, తుపాకీ అంత కచ్చితంగా గురి పెట్టక్కర్లేదు, మబ్బులా అడ్డం పడుతుంది. 2010 నుంచి నేషనల్ పార్కుల్లో ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే తుపాకీ దగ్గర ఉంచుకోవచ్చు గానీ, విజిటర్ సెంటర్ లాంటి ప్రభుత్వ భవనాల్లోకి తీసుకెళ్లకూడదు. నేషనల్ ఫారెస్టుల్లో ఇళ్లకీ, క్యాంపు స్థలాలకీ 150 గజాల లోపు కాల్చడం నిషేధం. రాష్ట్రాలు దాటేటప్పుడు తుపాకీ ఖాళీ చేసి, తూటాలతో సహా డిక్కీలో పెట్టె తాళం వేసి పెడతాను.

రేంజ్‌కి వాడే సంచి మరి దేనికీ వాడను. హైదరాబాద్ ప్రయాణానికి అదే సంచి సర్దుకుని, అడుగు జేబులో ఒక్క 38 తూటా మిగిలిపోయినా శంషాబాద్‌లో 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. అందుకే ఆ సంచికి ఎర్ర రిబ్బన్ కట్టి, ఉక్కు పెట్టెలోనే పెట్టి తాళం వేస్తున్నాను.