ఒంటరిగా ఉంటే ఎవరి పాదాలు కడుగుతావు?

“ప్రభువును, బోధకుడను అయిన నేనే మీ పాదాలు కడిగినప్పుడు, మీరు కూడా ఒకరి పాదాలు మరొకరు కడగాలి.” ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం సాయంకాలపు దివ్యపూజలో చదివే సువార్త పఠనంలో, యోహాను 13వ అధ్యాయం 14వ వచనంగా వినిపించే ఈ ఆజ్ఞను నాలుగవ శతాబ్దంలో పునీత బసీలు చేతబట్టుకుని, ఏకాంతవాసాన్ని ఎంచుకున్న సాధకులను ఒక ప్రశ్న అడిగారు. లోకాన్ని విడిచి ఎడారిలో ఒక్కడే ఉండి దేవుణ్ణి వెదకడమే అన్నిటికన్నా ఉన్నతమైన మార్గమని చాలామంది నమ్మిన రోజులవి. ఆ మార్గపు కష్టాన్ని బసీలు తక్కువ చేయలేదు. కానీ ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగి చూపించాడు కదా, ఒంటరిగా ఉంటే నీవు ఎవరి పాదాలు కడుగుతావు, ఎవరికి సేవ చేస్తావు, ఎవరితో పోల్చుకుని చివరివాడివవుతావు అని ఆయన నిలదీశారు. వినయం ఎంత గొప్పదో ధ్యానించడానికి ఒక్కరు చాలు. దాన్ని ఆచరించడానికి మాత్రం ఎదుట మరొక మనిషి కూర్చుని ఉండాలి.

కతోలిక సన్యాస సభల్లోని సంఘజీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రవేశద్వారం నాకు కనబడలేదు. సన్యాస జీవితం అనగానే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు గుర్తుకు వస్తాయి, ఆ తర్వాత ఆ సభ నడిపే పాఠశాలలు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు కనిపిస్తాయి. ఈ రెంటికీ మధ్య, ఒకే కప్పు కింద కలిసి ప్రార్థించి, కలిసి భోజనం చేసి, ఒకరి అలసటను మరొకరు చూస్తూ గడిపే రోజువారీ జీవితం ఎవరి దృష్టికీ రాదు. శ్రీసభ (కతోలిక సంఘం) ధర్మశాస్త్రం మాత్రం దాన్ని మరచిపోలేదు. 1983లో వెలువడిన ఆ శాస్త్రం 607వ నిబంధనలో సన్యాస సభ అంటే ఏమిటో నిర్వచిస్తూ, సభ్యులు బహిరంగంగా వ్రతాలు స్వీకరించడాన్ని, సోదరులుగా లేదా సోదరీమణులుగా కలిసి జీవించడాన్ని ఒకే వాక్యంలో చేర్చింది. మాటపట్టు నాడు, అంటే వ్రతాలు స్వీకరించే రోజున, ఒక సోదరి దేవునికి మాట ఇస్తున్నప్పుడు, తాను ఎంపిక చేసుకోని కొందరు మనుషులతో కలిసి బ్రతకడానికి కూడా ఆ క్షణంలోనే ఒప్పుకుంటోంది.

సువార్తలోని ఆ రాత్రిని ఒకసారి నిదానంగా చూద్దాం. మత్తయి, మార్కు, లూకా సువార్తలు కడరా భోజనంలో, అంటే మరణానికి ముందు శిష్యులతో చేసిన చివరి భోజనంలో, ప్రభువు రొట్టెను, ద్రాక్షారసాన్ని తన శరీర రక్తాలుగా ఇచ్చిన సంఘటనను వివరించాయి. యోహాను ఆ సన్నివేశాన్ని అక్కడ చెప్పకుండా, ప్రభువు భోజనం దగ్గరి నుండి లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు చుట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడగడాన్ని చెప్పాడు. ప్రతి రోజూ దివ్యసత్ప్రసాదం చుట్టూ చేరే మఠవాసులు ఈ రెండు కథనాలనూ కలిపి చదవాలని నా గట్టి అభిప్రాయం. బలిపీఠం దగ్గర మనం స్వీకరించే ప్రభువు తువాలు కట్టుకుని వంగిన ఆ ప్రభువే. ఉదయం ఆయనను నాలుకపై స్వీకరించి, అల్పాహారపు బల్ల దగ్గర పక్కవారిని పలకరించకుండా లేచిపోవడంలో ఉన్న అసంగతం చిన్నది కాదు.

ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ మఠవాసుల కోసం రాసిన నియమావళి ఈ వచనాన్ని వంటగదిలోకి తీసుకువచ్చింది. 73 అధ్యాయాలున్న ఆ నియమావళిలో 35వ అధ్యాయం వారానికొకరుగా వంటశాలలో సేవ చేసే సోదరుల గురించినది. సోదరులు ఒకరికొకరు సేవ చేసుకోవాలి, అనారోగ్యమో మరేదైనా ముఖ్యమైన బాధ్యతో ఉంటే తప్ప ఎవరూ ఈ పని నుండి తప్పించుకోరాదు, ఎందుకంటే ప్రేమ పెరిగేది ఈ సేవ వల్లనే అని ఆ అధ్యాయం మొదలవుతుంది. బలహీనులకు సహాయకులను ఇవ్వాలి, వారు దిగులుతో ఆ పని చేయకూడదు అన్న ఒక వాక్యం కూడా అందులో ఉంది. నియమాలు రాసేవారిలో ఇంతటి కనికరం అరుదు. వారం ముగించే సోదరుడు శనివారం నాడు అందరూ చేతులు, కాళ్లు తుడుచుకున్న తువాళ్లను ఉతకాలి. ఆ తర్వాత దిగిపోయే సోదరుడు, కొత్తగా పని అందుకునే సోదరుడు కలిసి అందరి పాదాలు కడగాలి. వాడిన పాత్రలను శుభ్రంగా, పగలకుండా తిరిగి అప్పగించాలి.

పవిత్ర గురువారం నాడు ఏడాదికొకసారి మనం కన్నీళ్లతో చూసే ఆచారం అక్కడ ప్రతి శనివారం జరిగే పని. ఆదివారం ప్రాతఃకాల ప్రార్థన ముగియగానే ఆ ఇద్దరూ ప్రార్థనాలయంలో అందరి ముందు మోకరించి తమ కోసం ప్రార్థించమని అడుగుతారు. దిగిపోయేవాడు తనకు సహాయం చేసి ఆదరించిన దేవునికి స్తుతులు చెల్లిస్తే, పని అందుకునేవాడు “దేవా, నా సహాయమునకు రమ్ము, ప్రభూ, నన్ను ఆదుకొనుటకు త్వరపడుము” అని మూడుసార్లు పలుకుతాడు. ఇప్పటికీ రోజులో నిర్ణీత వేళల్లో చేసే గంటల ప్రార్థనను మఠవాసులు ప్రారంభించేది ఈ కీర్తన మాటలతోనే. దేవుని స్తుతించడానికి ఏ సహాయం అవసరమో, తోటివారికి గంజి కాచి వడ్డించడానికి కూడా అదే సహాయం అవసరమని బెనెడిక్ట్ తలచారు. మఠంలోని పాత్రలనూ పనిముట్లనూ బలిపీఠపు పవిత్ర పాత్రల్లా చూడాలని 31వ అధ్యాయంలో ఆయన మఠపు సామాన్లు చూసుకునే భండారీకి చెప్పిన మాట కూడా ఈ తలపులోంచే వచ్చిందని నేననుకుంటాను.

53వ అధ్యాయానికి వస్తే అక్కడా నీళ్ల పళ్లెమే కనిపిస్తుంది. మఠానికి వచ్చే అతిథులందరినీ క్రీస్తుగా స్వీకరించాలి, “నేను పరదేశినై ఉండగా నన్ను చేర్చుకున్నారు” అని ఆయన చెప్పబోతాడు గనుక, అంటుంది ఆ అధ్యాయం. అతిథుల చేతుల మీద మఠాధిపతి స్వయంగా నీళ్లు పోయాలి, వారి పాదాలను మఠాధిపతితో సహా సంఘమంతా కడగాలి. పేదలనూ యాత్రికులనూ మరింత శ్రద్ధతో ఆదరించాలి, వారిలోనే క్రీస్తును ఎక్కువగా స్వీకరిస్తాం గనుక. సంఘజీవితం వేరు, సేవ వేరు అని మనం చేసే విభజన ఈ రెండు అధ్యాయాల ముందు నిలవదు. లోపల సోదరుని పాదాలు కడిగిన చేతులే వాకిట్లో అపరిచితుని పాదాలు కడుగుతున్నాయి. లోపల అలవాటు కాని చేతులకు వాకిట్లో అది ఒక ప్రదర్శనగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఆ ప్రమాదాన్ని నేను ఊహించి చెప్పడం లేదు. ఏ సభలోనైనా పని పెరిగేకొద్దీ మొదట తగ్గేది కలిసి కూర్చునే సమయమే. ఉదయపు ప్రార్థనకు ఒకరు పాఠశాల పనిమీద రారు, సాయంకాలపు ప్రార్థనకు మరొకరు ఆసుపత్రి పనిమీద రారు, రాత్రి భోజనానికి ఎవరి వేళకు వారు వస్తారు. ప్రతి ఒక్కరి కారణమూ న్యాయమైనదే, ప్రతి ఒక్కరూ చేస్తున్నది దేవుని పనే. అయినా కొంతకాలానికి ఆ ఇల్లు సన్యాస సంఘంగా కాక, మంచి పనులు చేసే మనుషులు రాత్రికి తలదాచుకునే వసతిగృహంగా మారిపోతుంది. 1994 ఫిబ్రవరి 2న, అంటే ప్రభువు బాలుడిగా దేవాలయంలో సమర్పించబడిన పండుగ నాడు, సంఘంలోని సోదర జీవితం గురించి వాటికన్ విడుదల చేసిన పత్రం కూడా ఈ లాగుడును దాచకుండా చర్చించింది. శిష్యులను ప్రభువు పిలిచిన తీరును మార్కు మూడవ అధ్యాయంలో చెబుతూ, వారు తనతో ఉండటానికీ, వారిని సువార్త ప్రకటనకు పంపడానికీ అని రెండు ఉద్దేశాలను పక్కపక్కనే ఉంచాడు. తర్వాత ఆరవ అధ్యాయంలో పంపినప్పుడు కూడా ప్రభువు వారిని ఇద్దరిద్దరిగానే పంపాడు. ఒక్కడే వెళ్లి ప్రేమను గురించి ఎంత బాగా చెప్పినా అది మాటే. ఇద్దరు కలిసి వెళితే వారి మధ్య ఉన్నదేమిటో వినేవారు చూడగలుగుతారు.

అయితే కలిసి ఉండటం సులభమని చెప్పేవారిని నమ్మకూడదు. ఆ రాత్రి ప్రభువు కడిగిన పాదాల్లో యూదా పాదాలు కూడా ఉన్నాయి. అప్పగించాలన్న తలపు అప్పటికే అతని హృదయంలో ప్రవేశించిందని యోహాను ముందే చెప్పాడు, ఆ తర్వాతనే పళ్లెం, తువాలు వచ్చాయి. సంఘంలో ప్రతి సభ్యుడూ నాకు నచ్చినవాడై ఉండాలని కోరుకునే హక్కు ఈ వచనం చదివినవారికి ఉండదు. తన తోటి సోదరీమణుల్లో ఒకామె అన్ని విషయాల్లోనూ తనకు అయిష్టంగా అనిపించేదని, అయినా తాను అత్యంత ప్రియమైన వారికి చేసేదంతా ఆమెకు చేశానని ఫ్రాన్సులోని లిసియూ కార్మెల్ మఠవాసి అయిన చిన్న తెరేజమ్మ తన ఆత్మకథలో రాశారు. సమాధానం కటువుగా చెప్పాలనిపించినప్పుడు ఆమె చిరునవ్వు నవ్వేవారు. చివరికి ఆ సోదరి, నాలో ఏం చూసి నీవు ఇంతగా ఆకర్షితురాలివవుతున్నావు అని తెరేజమ్మనే అడిగారట. తెరేజమ్మ చూసింది ఆ సోదరి అంతరంగంలో దాగిన యేసును. దీన్ని నటన అని ఎవరైనా అనవచ్చు. ఇష్టం కలిగే దాకా ఆగకుండా ముందే చేతులు కదిలించడమే ప్రేమ అని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ప్రభువు ఆజ్ఞాపించింది కడగమనే గాని, ముందు ఇష్టపడమని కాదు.

పేతురు సమస్య వేరు. నా పాదాలు నీవు ఎన్నటికీ కడగకూడదు అని అతడు అడ్డుపడ్డాడు. సేవ చేయడానికి జీవితమంతా అలవాటుపడిన మఠవాసికి ఇతరుల సేవను స్వీకరించడం అన్నిటికన్నా కష్టమైన విధేయత కావచ్చు. నలభై ఏళ్లు రోగులకు సేవ చేసిన సోదరి తానే మంచం పట్టినప్పుడు, తనను స్నానం చేయించడానికి వచ్చిన నవశిష్యురాలి చేతులకు తనను అప్పగించుకోవాలి. “నేను నిన్ను కడగకపోతే నాతో నీకు భాగం లేదు” అన్న ప్రభువు జవాబులోని బరువు అప్పుడు తెలుస్తుంది. రోగుల పట్ల శ్రద్ధ అన్నిటికన్నా ముందు ఉండాలని బెనెడిక్ట్ 36వ అధ్యాయంలో రాస్తూనే, తమకు జరుగుతున్న సేవ దేవుని గౌరవార్థమేనని గుర్తుంచుకుని రోగులు అనవసరమైన కోరికలతో సోదరులను బాధపెట్టరాదని కూడా చేర్చారు. సేవ అందుకోవడం కూడా నేర్చుకోవలసిన సాధనేనని ఆ నియమం చెబుతోంది.

తగాదాలు రాని ఇల్లు లేదని కూడా బెనెడిక్ట్‌కు తెలుసు. ఉదయ, సాయంకాల ప్రార్థనల్లో పరలోక ప్రార్థనను మఠాధిపతి అందరూ వినేలా పలకాలని 13వ అధ్యాయం విధించింది, ఎందుకంటే కలహాల ముళ్లు మొలుస్తూనే ఉంటాయి, “మేము క్షమించునట్లు” అని పలికినవారు ఆ మాటకు కట్టుబడి వాటిని పెరికివేయాలి. రోజుకు రెండుసార్లు, ఏ గొడవా లేని రోజున కూడా.

సేవ కోసం మఠం దాటి బయటికి వెళ్లే సభలకు ఇదంతా వర్తిస్తుందా అన్న సందేహం రావచ్చు. 1633లో పునీత విన్సెంట్ డి పాల్, పునీత లూయీస్ డి మరియాక్ ప్రారంభించిన డాటర్స్ ఆఫ్ ఛారిటీ సోదరీమణులకు రోగుల ఇళ్లే మఠం, అద్దె గదే నివాసం, విచారణ (స్థానిక క్రైస్తవ సంఘం) గుడే ప్రార్థనాలయం, నగర వీధులే ప్రాకారం అని విన్సెంట్ చెప్పారు. ప్రార్థన వేళలో పేదవారికి మీ అవసరం వస్తే లేచి వెళ్లండి, అది దేవుణ్ణి దేవుని కోసమే విడవడం అని కూడా చెప్పారు. ఈ మాటను ప్రార్థన తప్పించుకోవడానికి వాడుకునేవారు, ఆ సోదరీమణులు తెల్లవారకముందే లేచి కలిసి ప్రార్థించేవారన్న సంగతిని కూడా గుర్తుంచుకుంటే మంచిది. విడిచిపెట్టడానికి ముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

యేసు సభ (జెస్యూట్లు) ఆరంభం నుండే చెదిరిపోవడానికి సిద్ధపడిన సభ. 1539లో రోములో పునీత ఇగ్నేషియస్, ఆయన సహచరులు కూర్చుని, పోపు తమను వేర్వేరు దేశాలకు పంపబోతున్న ఆ సమయంలో ఒకే సంఘంగా కట్టుబడి ఉండాలా వద్దా అని ప్రార్థనలో తర్కించారు. వేర్వేరు ప్రాంతాల నుండి, వేర్వేరు స్వభావాలతో వచ్చిన తమను దేవుడే కూర్చాడు గనుక ఆ కూర్పును తాము విడదీయరాదని తేల్చారు. ఆ సహచరుల్లో ఒకరైన పునీత ఫ్రాన్సిస్ జేవియర్ 1541లో లిస్బన్ నుండి ఓడ ఎక్కిన తర్వాత తన రోము సోదరులను మళ్లీ చూడలేదు. 1546లో నేటి ఇండోనేసియాలోని అంబోన్ దీవి నుండి రాసిన లేఖలో, వారు పంపిన ఉత్తరాల్లోంచి వారి చేతిరాతలో ఉన్న పేర్లను కత్తిరించి, తన వ్రతాల పత్రంతో కలిపి తన దగ్గర ధరించి తిరుగుతున్నానని వారికి తెలిపారు. కలిసి ఉండటం అంటే ఒకే ఇంట్లో ఉండటం మాత్రమే అయితే ఆయనకు సంఘజీవితమే లేదు. ఆయన వెళ్లిన ప్రతి తీరంలోనూ ఆ సంఘం ఆయనతోనే దిగింది.

1927లో పదకొండవ భక్తినాథ (పయస్) పోపు చిన్న తెరేజమ్మను జేవియర్‌తో సమానంగా వేదప్రచారానికి పాలక పునీతురాలిగా ప్రకటించారు. పదిహేనవ ఏట కార్మెల్ మఠంలో ప్రవేశించి, ఇరవై నాలుగేళ్లకు అక్కడే మరణించిన ఆమె ఏ వేదప్రచార దేశాన్నీ చూడలేదు. ప్రతి సాయంకాలం ఒక వృద్ధ సోదరిని ప్రార్థన నుండి భోజనశాలకు నడిపించుకుని వెళ్లి కూర్చోబెట్టి, ఆమె చేతులు సహకరించడం లేదని గమనించి రొట్టె ముక్కలు చేసిపెట్టడం ఆమె ప్రయాణాల్లో ఒకటి. యేసు సభవారు ప్రతి ఏటా ముద్రించే సభ్యుల జాబితాలో ఒక్కొక్కరి పేరు పక్కన వారికి అప్పగించిన పని ఉంటుంది: ఒకరు ఆచార్యుడు, ఒకరు విచారణ గురువు, మరొకరు భండారీ. వయసు మళ్లి, జబ్బుపడి, తమ పాదాలు తాము కడుక్కోలేని స్థితికి చేరిన సోదరుల పేర్ల పక్కన ఆ స్థలాన్ని ఖాళీగా వదలరు. “శ్రీసభ కోసం, మన సభ కోసం ప్రార్థిస్తున్నారు” అని వారి పనిగా అక్కడ రాస్తారు.