దిగడం ప్రాక్టీస్ చేసి భువనగిరి గుట్ట ఎక్కాం

ఇంటర్ నుంచి నాకు తోడున్న దోస్తుకు రెండేళ్లుగా ఎడమ మోకాలు సతాయిస్తోంది. అరుగుదల కొద్దిగానే ఉందని, తొడ కండలు బలపడితే చాలావరకు సర్దుకుంటుందని, నడక మాత్రం మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరికీ యాభై దాటాయి. భువనగిరి గుట్ట ఎక్కాలన్నది ఎప్పటి మాటో. ఈ చలికాలం ఎట్లాగైనా ఎక్కాలని జూలైలో గట్టిగా అనుకున్నాం. అప్పుడు ఫోన్లో తను అన్న మాటే మా ప్లాన్ మొత్తాన్ని తేల్చేసింది. "ఎక్కుడు ఏముందే, ఆగుకుంట ఆగుకుంట ఎక్కుత. దిగుడే నాతోని కాదు."

అందుకని మేం దిగడమే ప్రాక్టీస్ చేశాం. మా వయసులో, ఇలాంటి మోకాళ్లతో గుట్టలెక్కాలనుకునే వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నా. మోకాలు వాచినా, నడుస్తుంటే పట్టు తప్పుతున్నట్టున్నా ముందు డాక్టరుకు చూపించుకుని, ఆ తర్వాతే ఇవి మొదలుపెట్టండి.

ఆగస్టు, ఇంటి మెట్లు

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అదే కష్టమనుకుంటాం. మోకాలి మీద ఎక్కువ భారం పడేది మాత్రం దిగేటప్పుడే. కిందికి అడుగు వేస్తున్నంతసేపూ ఒంటి బరువంతా పై మెట్టు మీదున్న కాలిదే. ఆ తొడ ముందు కండ ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బ్రేక్ వేయాలి. అలవాటు లేని కండతో ఆ పని చేయిస్తే ఆ రోజేమీ తెలియదు. మర్నాడు, ఆ తర్వాతి రోజు కుర్చీలోంచి లేవబోతే తెలుస్తుంది. మంచి సంగతి ఏమిటంటే, కొద్ది మోతాదులో ఒకసారి ఆ పని చేసిన కండ రెండోసారి అంత నొప్పి పెట్టదు. కొన్ని వారాలపాటు ఆ అలవాటు నిలుస్తుంది కూడా. మా ప్రాక్టీసంతా ఈ ఒక్క సంగతిని నమ్ముకునే నడిచింది.

కాబట్టి లిఫ్టులో పైకి, మెట్ల మీద కిందికి. తను వాళ్ల అపార్ట్‌మెంట్లో, నేను మా దాంట్లో. మొదటి వారం రెండంతస్తులే. నొప్పి లేకపోతే వారానికో అంతస్తు పెంచుకుంటూ పోయాం. రోజు విడిచి రోజు.

దీంతోపాటు ఒకే ఒక్క ఎక్సర్‌సైజు. అన్నిటికన్నా కింద ఉన్న మెట్టు మీద నిలబడి, రెయిలింగ్ మీద వేళ్లు ఆనించాలి. ఒక కాలు గాలిలోకి చాపి, నిలబడ్డ మోకాలిని వంచుతూ, మనసులో నాలుగు లెక్కపెడుతూ చాపిన కాలి మడమ నేలకు తగిలీ తగలనట్టు దించాలి. మళ్లీ లేవాలి. మొదట్లో తన మోకాలు వంచగానే లోపలికి, బొటనవేలి వైపు వాలిపోయేది. అది వేళ్ల మధ్యకు సూటిగా ఉండాలి. అద్దం ముందు ఒక పీట వేసుకుని, దాని మీద నిలబడి తనే చూసుకుంటూ సరిచేసుకుంది. వినాయక చవితి నాటికి మోకాలు వణకడం తగ్గింది. నాకైతే ఈ మొత్తంలో అసలైన గెలుపు ఇదే.

సెప్టెంబర్, అక్టోబర్: మౌలాలి గుట్ట

ఊళ్లోనే ఉన్న గుట్ట, పైన దర్గా దాకా మెట్లు, మాకు దగ్గర. ప్రాక్టీసుకు ఇంతకన్నా మంచి చోటు హైదరాబాద్‌లో లేదనే నేనంటా. గోల్కొండ కోట కూడా బాగుంటుంది గానీ, అక్కడ మెట్ల ఎత్తులు ఒక్కోటీ ఒక్కోలా ఉంటాయి, జనం రద్దీ కూడా ఎక్కువ. మోకాలు కుదురుకున్నాక వెళ్లొచ్చు. మౌలాలిలో ఉర్సు రోజులు మాత్రం తప్పించుకోండి. దర్గా కాబట్టి తలమీద వేసుకోవడానికి ఒక చున్నీ దగ్గర పెట్టుకుంటే మంచిది.

వేగం విషయంలో ఒకటే పద్ధతి పెట్టుకున్నాం. తను ముందు, నేను వెనక. తను మధ్యలో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకో ఊపిరి తీసుకుంటుంటే వేగం ఎక్కువైనట్టే, వెంటనే తగ్గించాలి. మాకు మాటలకు కొదవేముంది? వాళ్లమ్మాయి బెంగళూరు ఉద్యోగం, మా అత్తగారి ఆపరేషన్, నారాయణగూడలో కాలేజీ ఎగ్గొట్టి తిన్న మిర్చి బజ్జీలు, అన్నీ ఆ మెట్ల మీదే అయ్యాయి. ఇద్దరం ఒకే ఊళ్లో ఉండి కూడా పెళ్లిళ్లలో తప్ప కలవని మాకు, వారం వారం ఇట్లా రెండేసి గంటలు దొరకడం చాలా గొప్ప.

వాన పడ్డాక వెళ్లకూడదు. రాతి మెట్టు మీద నల్లటి పొరలా కనిపించేది చాలాచోట్ల పాచే. ఎండినప్పుడు ఏమీ చేయదు, తడిస్తే నిలవనివ్వదు. వాన వెలిసినా ఒక పూట ఎండ తగలనిచ్చి వెళ్లేవాళ్లం. కింద, గుట్ట పాదం దగ్గర ఉర్దూ కవయిత్రి మహ లఖా బాయి చందా సమాధి ఉంది. 1824లో చనిపోయారు. తన గజళ్లతో దీవాన్, అంటే కవితా సంపుటి, కూర్చుకున్న మనిషి. దిగాక చూసి రండి, నడిచిన కాళ్లకు అక్కడి తోటలో కాస్త విశ్రాంతి.

నవంబర్, ఖాజాగూడ

భువనగిరిలో మెట్లు అయిపోయాక బోడి బండ మీద నడవాలి. అది మెట్ల మీద అలవాటు కాదు. అందుకే ఖాజాగూడ రాళ్ల దగ్గరికి వెళ్లి, చిన్న వాలు చూసుకుని ఎక్కీ దిగీ చేశాం.

మన హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఉల్లిపొరల్లా పైపొరలు ఊడుతుంటాయి కాబట్టే గుట్టలు ఇలా గుండ్రంగా తేలాయి. ఊడటానికి సిద్ధంగా ఉన్న పలక మీద అడుగు పెడితే డొల్లగా శబ్దం వస్తుంది. అలాంటి చోట నిలబడొద్దు. రాలిన సన్న ఇసుక పేరుకున్న చోట కూడా కాలు జారుతుంది. గరుకుగా, శుభ్రంగా ఉన్న బండ మాత్రం షూను గట్టిగా పట్టుకుంటుంది.

భయంతో వెనక్కి వాలితే అడుగులు జారతాయి. కొద్దిగా ముందుకు, మోకాళ్లు కాస్త వంచి, పాదం మొత్తం బండకు ఆనేలా పొట్టి పొట్టి అడుగులు వేయాలి. తను మొదటిసారి వాలు మీద ఆగిపోతే చెయ్యి అందించబోయా. "చెయ్యి పట్టకే. నువ్వు పట్టుకుంటే నా కాలు మీద నాకు నమ్మకం రాదు" అంది. నేను ఒక అడుగు కింద, కొంచెం పక్కగా నిలబడ్డా. ముందు కుడికాలు, ఆగి, తర్వాత ఎడమ. చివరిదాకా తనే దిగింది.

డిసెంబర్, భువనగిరి

సికింద్రాబాద్ నుంచి కాజీపేట లైన్లో పొద్దున రైలెక్కితే ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక భువనగిరి. ఉప్పల్ నుంచి వరంగల్ వైపు బస్సులు కూడా ఉన్నాయి. దాదాపు 50 కిలోమీటర్ల దూరం. స్టేషన్ దగ్గర ఆటో దొరుకుతుంది. బాత్రూం పని కిందే చూసుకోవాలి.

ఊరి నడిమధ్య ఒకే బండ, 500 అడుగులకు పైనే ఎత్తు. పశ్చిమ చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుడి నాటి కోట. ఎవరెస్ట్ ఎక్కకముందు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ తీసుకున్నది ఈ బండల మీదే. 2014 మే 25న శిఖరం చేరేనాటికి పూర్ణకు 13 ఏళ్ల 11 నెలలు. తాళ్లు కట్టుకుని ఎక్కుతున్న పిల్లలను చూసి మా దోస్తు చాలాసేపు కదల్లేదు.

బ్యాగులో ఇద్దరికీ కలిపి మూడు లీటర్ల నీళ్లు. అందులో ఒక లీటరులో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా గీసి. పల్లీ పట్టీలు, సకినాలు, రెండు జామకాయలు. కోతులు కవరు చప్పుడు వింటే చాలు వచ్చేస్తాయి. తినేవన్నీ జిప్పున్న బ్యాగులోనే ఉండాలి, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకోవద్దు. కర్ర తెచ్చుకుంటే అడుగున రబ్బరు బిరడా ఉండేలా చూసుకోండి. ఇనుప మొన బండ మీద జారుతుంది.

మెట్లు మా పద్ధతిలోనే, మాట్లాడుకుంటూ. కోట గోడ దాటాక వాలు బండ, పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు. పైన గాలి గట్టిగా కొడుతోంది. నీటి గుంటలు, తోరణాలున్న పాత కట్టడం, కింద ఊరంతా, రైలు పట్టాలు. పైన అరగంటకు మించి ఉండలేదు. ఎండెక్కితే బండ వేడెక్కుతుంది, పొద్దెక్కకముందే కింద ఉండాలి.

దిగే ముందు షూ లేసులు విప్పి, చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టుకున్నాం. వదులుగా ఉంటే పాదం ముందుకు జారి వేళ్లు షూకు కొట్టుకుంటాయి, గోళ్లు నల్లబడతాయి. గోళ్లు రెండ్రోజుల ముందే తీసుకోవాలి. వాలు మీద తను కడ్డీకి చెయ్యి ఆనించింది, బరువు మాత్రం వేయలేదు. మెట్ల దగ్గర రెండుసార్లు కూర్చుంది, నొప్పి వల్ల కాదు, దారిలో ఆగాలని ముందే అనుకున్నాం కాబట్టి. కిందికొచ్చాక టీ తాగుతూ మోకాలి చుట్టూ వేళ్లతో ఒత్తి చూసుకుంది. వాపు లేదు. మూడో రోజు ఫోన్ చేసి అడిగా. తొడలు కొంచెం పట్టేశాయట, మోకాలు బాగానే ఉందట.

"ఇంకో గుట్ట చెప్పవే" అంది. అనంతగిరి అన్నా. వికారాబాద్ పక్కన, మూసీ పుట్టే కొండలు. అక్కడ అడవిలో మట్టి దారి, రాలిన ఆకుల కింద రాళ్లు కనపడవు, కాలు మడతపడే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఈ వారం నుంచి ఒంటికాలి మీద నిలబడటం మొదలుపెట్టాం, పళ్లు తోముకునేటప్పుడు, ఒక్కో కాలి మీద అర నిమిషం చొప్పున.