విజయ నూనె: కీమో నెలల్లో కొలత, రుచి, జాగ్రత్త

పెద్దపేగు కేన్సరుకు ఆపరేషన్ అయ్యాక నాకు పెట్టిన కీమో పేరు కేపాక్స్. మూడు వారాల చక్రం. మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ నరంలోకి ఎక్కిస్తారు. ఆనాటి నుంచి 14 రోజులు కేపెసిటబిన్ మాత్రలు పొద్దున, రాత్రి భోజనమైన అరగంటలోపు వేసుకోవాలి. ఆ తర్వాత వారం ఖాళీ. మందు విశాఖలో ఎక్కించుకుని సాయంత్రానికి విజయనగరం వచ్చేసేవాణ్ణి. వాంతుల్ని ఆన్‌డాన్‌సెట్రాన్, ఓలాంజపిన్ బాగానే ఆపాయి. వాటికి లొంగనివి రెండు. ఒకటి, నోట్లో ఎప్పుడూ ఇనుము రుచి, తిండి చూస్తేనే వెగటు. రెండోది, వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పడ్డ రాత్రుల్లో నిద్ర పట్టకపోవడం. భంగు ఆకు సారంతో చేసే ఆయుర్వేద మందు విజయ నూనె వాడింది ఈ రెండింటి కోసమే. కేన్సరు గడ్డను అది కరిగిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మనుషుల్లో అలా రుజువు కాలేదు. ఆ మాట నమ్మి కీమో మానేస్తే పోయేది ప్రాణం.

ఆయుర్వేదంలో విజయ అంటే భంగు మొక్క. మన ఉత్తరాంధ్రలో ఆ మొక్క పేరెత్తితే ముందు గుర్తొచ్చేది ఏజెన్సీ శీలావతి గంజాయి, చెక్‌పోస్టులు, కేసులు. కబురు తెలిసిన రోజునే మా అప్ప ఫోను చేసి "ఏటిరా తమ్ముడూ, ఇంట్లో గంజాయి నూనె ఎట్టుకున్నావట!" అని కంగారుపడింది. ఆమె భయం న్యాయమైనదే, అందుకని తేడా వివరంగా చెప్పాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ కంకులు. కంకుల్తో కలవని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఆయుర్వేద కంపెనీలు లైసెన్సు మీద ఆకు నుంచి మందు తీసేది ఈ వెసులుబాటుతోనే. అయితే డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో భంగు ఇ-1 షెడ్యూలులో, అంటే విషద్రవ్యాల జాబితాలో ఉంది. కాబట్టి సీసా మీద వైద్య పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక, తయారీ లైసెన్సు నంబరు రెండూ ఉండి తీరాలి. అవి లేని సీసా ఎంత తెలిసినవాళ్ళు తెచ్చిచ్చినా తీసుకోవద్దు. పొట్లంలో వచ్చే శీలావతి మందు కాదు. అందులో ఎంత మత్తుందో అమ్మేవాడికీ తెలీదు.

ఇంకో పొరపాటు తరచుగా జరుగుతోంది. హెంప్ గింజల నూనె వేరు, విజయ ఆకు నూనె వేరు. గింజల్ని ఆహారంగా అమ్మడానికి దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2021లో అనుమతి ఇచ్చింది. గింజలో కిలోకు 5 మిల్లీగ్రాములు, గింజల నూనెలో 10 మిల్లీగ్రాములకు మించి టి.హెచ్.సి., అంటే ఈ మొక్కలో మత్తు తెచ్చే పదార్థం, ఉండకూడదు. ఆ కాస్తతో నిద్రా రాదు, ఆకలీ పుట్టదు. పొట్టు తీసిన గింజల్లో మూడో వంతుకు కాస్త తక్కువగా మాంసకృత్తులు ఉంటాయి గనక చిక్కిపోయినవాళ్ళకు చోడి (రాగి) జావలో రెండు చెంచాలు కలిపితే మంచిదే. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. వంద గ్రాముల్లో భాస్వరం 1,600 మిల్లీగ్రాముల పైన, పొటాషియం 1,200 దాకా ఉంటాయి. పాడైన కిడ్నీ వాటిని బయటికి పంపలేదు.

ఇక సీసా మీద లెక్క. అందరూ తడబడేది ఇక్కడే. అట్ట మీద పెద్దక్షరాలతో "1500 మి.గ్రా." అని ఉంటే అది మొత్తం ఆకు సారం బరువు కావచ్చు. మత్తూ ఆకలీ తెచ్చే టి.హెచ్.సి. అందులో కొంత భాగమే. కంపెనీ నుంచి ఆ బ్యాచి పరీక్షా పత్రం అడిగి తెప్పించుకోవాలి. అందులో టి.హెచ్.సి., ఈ మొక్కలోనే ఉండే మత్తు తేని సి.బి.డి. మిల్లీలీటరుకు ఎంతెంతో, సీసం, కాడ్మియం, పురుగుమందుల అవశేషాలు ఎంతో ఉండాలి. ఈ మొక్క నేలలోని భార లోహాల్ని బాగా పీల్చుకుంటుంది. అందుకే ఆ రెండో భాగాన్నీ వదలకుండా చదవాలి. ఉదాహరణకు 30 మిల్లీలీటర్ల సీసాలో టి.హెచ్.సి. మొత్తం 600 మిల్లీగ్రాములైతే మిల్లీలీటరుకు 20. చుక్కల లెక్కను నమ్ముకోవద్దు. మిల్లీలీటరుకు 20 చుక్కలు అనేది నీటి లెక్క. నూనె చుక్క చిన్నది, డ్రాపరును బట్టి సంఖ్య మారిపోతుంది. సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజి మందుల షాపులో దొరుకుతుంది. దాంతో 0.1 తీస్తే సరిగ్గా 2 మిల్లీగ్రాములు.

నాకు రాసిన మోతాదు అక్కడే మొదలైంది: రాత్రి ఒక్కసారి 0.1 మిల్లీలీటరు. మూడు రాత్రులు అదే ఉంచి, మార్పు లేకపోతేనే ఇంకో 0.1 పెంచాలి. 0.2 దగ్గర నిద్రా ఆకలీ రెండూ కుదిరాయి, అక్కడే ఆపేశారు. కొత్తవాళ్ళెవరూ రెండున్నర మిల్లీగ్రాములు దాటి మొదలుపెట్టకూడదు.

రుచి గురించి ముందే తెలిసి ఉంటే మేలు, కీమో నోటికి ఏదీ మామూలుగా ఉండదు. మూత తీయగానే నువ్వుల నూనె వాసన, దాని వెనక ఎండిన పచ్చగడ్డి, చివర్లో మిరియం ఘాటు. ఆ ఘాటు కారియోఫిలిన్ అనే పదార్థానిది, మిరియాల్లో, లవంగాల్లో ఉండేది కూడా అదే. మామిడి సొనను గుర్తుచేసే పచ్చి వాసన మిర్సీన్‌ది. టి.హెచ్.సి.కి గాని సి.బి.డి.కి గాని చెప్పుకోదగ్గ వాసన లేదు. అంచేత ఘాటుగా ఉంటే మందు బలమైనదని అనుకోవద్దు. సారం తీసేటప్పుడు వేడికి సుగంధ తైలాలు చాలావరకు ఎగిరిపోతాయి, బలం మాత్రం అలాగే ఉంటుంది. నాలుక కింద ఒకటి ఒకటిన్నర నిమిషం ఉంచితే చేదు నెమ్మదిగా గొంతు దగ్గర తేలుతుంది. తర్వాత చిన్న బెల్లం ముక్క చాలు. ఆక్సాలిప్లాటిన్ పడ్డ వారంలో చల్లనీళ్ళు తగిలితే గొంతు పట్టేసినట్టవుతుంది, వేళ్ళు జివ్వుమంటాయి. కాబట్టి పుక్కిలించేది గోరువెచ్చని నీళ్ళతోనే. నోట్లో పుళ్ళుంటే నాలుక కింద పెట్టకుండా మింగేయాలి.

నాలుక కింద పెట్టినా ఎక్కువ భాగం లాలాజలంతో కడుపులోకే పోతుంది. అరగంటకు కొంచెం తెలుస్తుంది, అసలు ప్రభావం గంట, గంటన్నరకు. మింగితే రెండు గంటలు కూడా పట్టొచ్చు, ఆరు నుంచి ఎనిమిది గంటలు నిలుస్తుంది. మొదట నోరు ఎండుతుంది, తర్వాత కనురెప్పలు బరువెక్కుతాయి, ఆ మధ్యలో ఎక్కడో ఆకలి లేస్తుంది. ఆ గంట కోసమే ఇంట్లో తిండి సిద్ధంగా ఉంచాలి. వెచ్చటి చోడి అంబలి, మెత్తటి పెసరపప్పన్నం, నూరిన పలాస జీడిపప్పు కలిపిన పాలు నాకు పడ్డాయి. చద్దన్నం మీద ఎంత మనసున్నా తెల్లకణాలు తగ్గే రోజుల్లో వద్దు, అప్పుడు వండిందే తినాలి. నెయ్యి విషయం మరిచిపోవద్దు. కొవ్వు బాగా ఉన్న భోజనంతో సి.బి.డి. నాలుగైదు రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుంది. ఒకరోజు పరగడుపున, మరోరోజు నేతి అన్నం మీద వేసుకుంటే కొలత ఒకటే అయినా పని ఒకటి కాదు. ఎలా మొదలుపెట్టారో రోజూ అలాగే కొనసాగించాలి.

అతిగా పడేది దాదాపు ఎప్పుడూ ఒకే దారిలో: గంటయినా ఏమీ తెలియలేదని రెండో మోతాదు వేసుకోవడం. రెండూ కలిసి పైకి లేస్తాయి. గుండె దడ, కారణం లేని భయం, కాలం కదలనట్టు అనిపించడం, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం. పక్కన మనిషిని పెట్టుకుని దీపం తగ్గించి పడుకోవాలి, నీళ్ళు గుటక గుటకగా తాగాలి. కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం ఉంటే మాత్రం ఆస్పత్రికే. మామూలు మోతాదులోనూ రాత్రి బాత్రూముకు లేచేటప్పుడు మంచం అంచున నిమిషం కూర్చుని లేవాలి. ఆపరేషన్ అయిన మనిషి పడితే ఇంకో ఆపరేషన్. వేసుకున్న రాత్రీ, మర్నాడు పొద్దున్న మబ్బుగా ఉన్నంతసేపూ బండి ముట్టుకోకూడదు.

కేన్సరు డాక్టరుకు చెప్పకుండా వాడటం ఈ మందులో అన్నిటికంటే ప్రమాదం. కాలేయంలో చాలా మందుల్ని విరిచే ఎంజైముల్ని సి.బి.డి. అడ్డుకుంటుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళలో ఐ.ఎన్.ఆర్. (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే కొలత) పెరిగి రక్తస్రావం దాకా పోవచ్చు, పైగా కేపెసిటబిన్ కూడా వార్ఫరిన్‌ని అలాగే పెంచుతుంది. ఓలాంజపిన్ మగతా, దీని మగతా కలుస్తాయి. నా విషయంలో ఓలాంజపిన్ వేసే మొదటి రాత్రుల్లో నూనె ఆపించి, ఆ మాత్ర అయ్యాక మళ్ళీ మొదలుపెట్టించారు. గుండె జబ్బున్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా మతిభ్రమణ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోకూడదు. నెలల తరబడి రోజూ వాడుతుండగా వాంతులు తగ్గకపోగా పెరిగి, వేడినీళ్ళ స్నానంతో మాత్రమే ఉపశమనం దొరుకుతుంటే ఆ వాంతులు ఈ మందు తెచ్చినవే కావచ్చు. అప్పుడు మోతాదు పెంచడం కాదు, పూర్తిగా మానాలి.

మన జిల్లాల నుంచి గల్ఫుకు, సింగపూరుకు వెళ్ళేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకు ఒక మాట. వైద్యుడి చీటీ ఉన్నా, సీల్ విప్పకున్నా ఈ సీసా విమానమెక్కకూడదు. అక్కడి చట్టానికి మన ఆకు, కంకి తేడా పట్టదు. రోజూ వాడేవారి మూత్రంలో టి.హెచ్.సి. ఆనవాళ్ళు వారాల తరబడి కనిపిస్తాయి, మెడికల్ పరీక్షలో ఉద్యోగం పోతుంది. మన దగ్గర విశాఖ బస్సెక్కినా సీసా దాని పెట్టెలోనే, బిల్లు, వైద్యుడి చీటీతో కలిపి ఉండాలి.

ఆకలికి ఈ మందు పనిచేస్తుందని చూపే పరీక్షలు అంత బలమైనవి కావు, కొందరిలో ఏమీ జరగదు. నాకు జరిగింది: బరువు పడిపోవడం ఆగింది, రాత్రులు నిలకడగా నిద్ర పట్టింది. పాదాల తిమ్మిరికి మాత్రం ఏమీ చేయలేదు. ఆక్సాలిప్లాటిన్ నరాలకు చేసే హాని అది, మందు ఆపిన తర్వాత కూడా కొన్ని నెలలు పెరుగుతుంది. నొప్పికి డులోక్సెటిన్ రాశారు. కీమో ముగిశాక నూనెను వారానికి 0.05 చొప్పున తగ్గించి మానిపించారు. మధ్యలో కొన్ని రాత్రులు కలలు ఎక్కువై నిద్ర చెదిరింది, తర్వాత సర్దుకుంది. మిగిలిన సీసా కోసం ఇద్దరు ముగ్గురు అడిగారు, ఇవ్వలేదు. వాళ్ళ మందులు వేరు, చీటీ నా పేరున ఉంది. వెలుతురు, వేడి తగిలితే టి.హెచ్.సి. విరిగి వేరే పదార్థంగా మారుతుంది కూడా. ఇప్పుడు కేన్సరు తిరగబెట్టిందేమో చూడటానికి మూడు నెలలకోసారి సి.ఇ.ఎ. రక్తపరీక్ష, డాక్టరు చెప్పినప్పుడు స్కానింగు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకునే నడుస్తున్నాను.