మండపం, మెట్ల వైపు రెండో స్తంభం

ఓటరు నమోదుకు వాడే ఫారం 6లో చిరునామా గడి దగ్గర నేను రాసిన మాటలు ఇవి: "గోదావరి గట్టు మండపం, మెట్ల వైపు రెండో స్తంభం". రాశాక చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. వార్డు సచివాలయంలో సంక్షేమ కార్యదర్శిగా చేరిన నాలుగేళ్లలో డోర్ నంబరు లేని దరఖాస్తు ఒక్కటీ తీసుకోలేదు నేను.

ఆ చిరునామా గల పెద్దాయన 2023 నవంబరులో, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా సిబ్బందితో కలిసి రాత్రి లెక్కింపుకు వెళ్లినప్పుడు కనిపించారు. ఇళ్లు లేనివారిని పగలు లెక్కపెట్టలేం. ఒకరు హోటల్లో ప్లేట్లు కడుగుతుంటారు, ఒకరు బండి లాగుతుంటారు. రాత్రి పది దాటి, పక్కలు పరిచాకే ఎవరికి ఇల్లు లేదో తెలుస్తుంది. ఈయన వంట మేస్త్రి. ముహూర్తాలున్నప్పుడు చేతినిండా పని, మూఢం వస్తే పస్తు.

ఇళ్లు లేనివారి కోసం నడిపే షెల్టర్‌కు రమ్మన్నాను. లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఉండాలని, ఏడాది పొడవునా రాత్రీ పగలూ తెరిచి ఉంచాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పిందని, మనిషికి యాభై చదరపు అడుగుల చోటు ఉండాలని శిక్షణలో నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. ఆయన ఓపికగా విని, "గేటు ఎన్నింటికి వేస్తారమ్మా?" అని అడిగారు. పదింటికి అన్నాను. "పెళ్లివారింట్లో డేగిసాలు తోమించి బయటపడేసరికి రెండవుతుంది" అన్నారు.

షెల్టర్లో మంచాలు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో సమీక్ష సమావేశాల్లో ఎన్నోసార్లు చర్చించాం. వీళ్లకు అవగాహన లేదని రాసుకున్నాం కూడా. గేటు సంగతి ఎవరికీ తట్టలేదు, నాతో సహా. నిర్వహణ కమిటీతో మాట్లాడి, తలుపు తడితే ఏ వేళైనా తీసేలా కాపలాదారును ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది.

ఈలోగా కాగితాల పని మొదలుపెట్టాను. ఆధార్ ఎప్పుడూ తీయించుకోలేదన్నారు ఆయన. ఆధార్‌కు చిరునామా రుజువు కావాలి, రుజువుకు ఇల్లు కావాలి. ఈ గుండ్రంలో తిరుగుతుంటే మా బూత్ లెవెల్ అధికారి ఒక దారి చూపించారు. ఇల్లు లేని మనిషి ఓటరుగా నమోదు కావాలంటే నివాసానికి కాగితం అక్కర్లేదు. రాసిచ్చిన చోట ఆయన నిజంగా పడుకుంటున్నాడో లేదో అధికారి రాత్రిపూట వెళ్లి చూసుకోవాలి, అదీ ఒక్క రాత్రి కాదు. రుజువు నువ్వే తెమ్మనకుండా తానే వెతుక్కుంటూ వచ్చే నిబంధన నా ఉద్యోగంలో ఇంకొకటి తారసపడలేదు.

మొదటి రాత్రి దొరికారు. రెండో రాత్రి స్తంభం దగ్గర దీపాలు తప్ప ఎవరూ లేరు. కార్తీక మాసం. స్నానాలకు వచ్చేవారి కోసం మెట్లు కడిగి, అక్కడ పడుకునేవాళ్లందరినీ లేపేశారు. కడిగించింది మా శాఖవాళ్లే. మూడో రాత్రి వెతగ్గా వెతగ్గా బస్టాండు వెనక దొరికారు. "దీపాలయ్యాక మళ్లీ అక్కడికే వెళతానమ్మా" అని మాకే ధైర్యం చెప్పారు. పౌర్ణమి దాటాక ఇంకో రాత్రి వెళ్లి చూశాం.

ఓటరు కార్డు వచ్చింది. దాన్ని పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లాం. ఏళ్ల తరబడి బూరెల మూకుడు దగ్గర కాలిన వేళ్లు యంత్రానికి అందలేదు, కళ్లు అందాయి. కొన్ని వారాల తర్వాత జవాబొచ్చింది: తిరస్కరణ. ఈ కళ్లు గల మనిషికి ఆధార్ ఇప్పటికే ఉంది.

ఆయన వంక చూశాను. ఆయన గోదారి వంక చూశారు. నాకు కోపం వచ్చిన మాట దాచను. ఎన్ని రాత్రులు, ఎన్ని ఫారాలు! తర్వాత ఆలోచిస్తే, లేదని ఆయన చెప్పింది కార్డు గురించి కాదేమో అనిపించింది.

పాత ఆధార్‌ను ముప్పై రూపాయల రుసుముతో, మళ్లీ కళ్లతోనే తీయించాం. అందులో వేరే జిల్లా, డోర్ నంబరుతో సహా ఒక ఇల్లు. మా కంప్యూటర్‌లో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఏ కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే జాబితా, తెరిచి చూస్తే కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు, ఈయన. అయిదుగురూ ఒకే కప్పు కింద ఉన్నట్టే ఉంది.

2024 మే 13న ఓటు వేశారు. జూలైలో వృద్ధాప్య పింఛను నాలుగు వేలయ్యాక ఆయనకు కూడా ప్రయత్నించాను. వయసు సరిపోయింది. అనర్హుడని వచ్చింది. ఆ కుటుంబానికి నాలుగు చక్రాల వాహనం ఉంది, కరెంటు వాడకం నెలకు మూడు వందల యూనిట్లు దాటింది. కుటుంబం నుంచి ఆయనను విడదీద్దామంటే కారణం ఎంచుకోమంది తెర. అందులో పెళ్లి ఉంది, విడాకులు ఉన్నాయి. గెంటేశారు అన్నది లేదు.

మిగిలిన దారి 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం. ఆర్డీఓ గారి దగ్గర అర్జీ పెడితే కొడుకును పిలిపిస్తారు, నెలకు ఇంత అని ఇప్పిస్తారు. అర్జీ నేనే రాసి, వేలిముద్ర వేయడానికి చోటు కూడా వదిలి ముందు పెట్టాను. చదివి వినిపించమన్నారు. మొత్తం విన్నారు. "వాడిని పోలీసులు పిలుస్తారా?" అన్నారు. పోలీసులు కాదని చెప్పాను. అయినా కాగితం మడిచి నా చేతికే ఇచ్చారు.

ఇప్పుడు షెల్టర్లో ఉంటున్నారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో అక్కడి వంట ఆయనదే. పింఛను దరఖాస్తు ఇంకా నా దగ్గరే ఉంది.

ఆ రోజు అర్జీ తిరిగిచ్చి గుమ్మం దాకా వెళ్లినవారు ఆగి, "కారు కొన్నాడా? ఏ రంగు?" అని అడిగారు.

అది కంప్యూటర్‌లో రాదని చెప్పాను.