సీపీయూ 27.8 డిగ్రీలు చూపిస్తుంటే నమ్మకండి

మే నెల మధ్యాహ్నం. ఏసీ లేని గదిలో గోడ మీద థర్మామీటర్ 39 దగ్గర ఉంది. అదే గదిలో కంప్యూటర్ తెర మీద మాత్రం సీపీయూ టెంపరేచర్ 27.8. గాలితో చల్లబడే హీట్‌సింక్, అంటే సీపీయూ వేడిని లాగే లోహపు దిమ్మ, గది కన్నా చల్లగా ఉండటం అసాధ్యం. కాబట్టి ఆ అంకె సీపీయూది కాదు. చూపించే ప్రోగ్రాం తప్పూ కాకపోవచ్చు, అది ఎవరినో అడిగింది, వాళ్లు ఏదో చెప్పారు. ఎవరిని అడిగిందో కనుక్కోవడమే మన పని.

27.8 ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. లైనక్స్‌లో సెన్సార్స్ కమాండ్ కొడితే ఏసీపీఐటీజెడ్ అని ఒక వరస కనిపిస్తుంది. అది బయోస్, అంటే మదర్‌బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రాం, చెప్పే మాట. బయోస్ వేడిని కెల్విన్‌లో, పదో వంతుల లెక్కన చెబుతుంది. కొన్ని డెస్క్‌టాప్ బోర్డుల్లో అక్కడ ఏ సెన్సార్‌నీ కలపకుండా 3010 అనే అంకె పెట్టి వదిలేశారు. అంటే 301.0 కెల్విన్. సెల్సియస్‌లోకి మార్చడానికి అందులోంచి 273.2 తీసేస్తే వచ్చేది 27.8. పొద్దున్నా అంతే, రాత్రీ అంతే. విండోస్‌లో డబ్ల్యూఎంఐ (సిస్టం వివరాలు అడిగే దారి) ద్వారా థర్మల్ జోన్‌ను చదివే చిన్న స్క్రిప్టులు కూడా ఈ బయోస్ మాటనే తెచ్చి ఇస్తాయి. ల్యాప్‌టాప్‌లలో ఈ వరస చాలాసార్లు నిజమే చెబుతుంది, డెస్క్‌టాప్‌లో మాత్రం పరీక్షించకుండా నమ్మకూడదు.

సీపీయూ వేడి కావాలంటే సీపీయూనే అడగాలి. లైనక్స్‌లో ఇంటెల్‌కు కోర్‌టెంప్, ఏఎండీకి కే10టెంప్ డ్రైవర్లు ఆ పని చేస్తాయి. కొత్త ప్రాసెసర్‌ను పాత కర్నెల్ (లైనక్స్ మూల ప్రోగ్రాం) మీద నడిపితే ఏఎండీ వరస అసలు రాకపోవచ్చు, ఎందుకంటే ఆ చిప్పు గుర్తింపు నంబరు పాత డ్రైవర్‌కు తెలియదు. ముందు కర్నెల్ అప్‌డేట్ చేసి చూడండి. వర్చువల్ మెషీన్ లోపల నుంచి చూస్తుంటే మాత్రం సాధారణంగా ఏమీ దొరకదు, దాన్ని నడిపే అసలు కంప్యూటర్ (హోస్ట్) మీదే చూడాలి.

ఇంటెల్ సెన్సార్ నేరుగా డిగ్రీలు చెప్పదు. గరిష్ఠ హద్దుకు, అంటే టీజేమ్యాక్స్‌కు, ఇంకా ఎంత దూరంలో ఉందో చెబుతుంది. హద్దు 100 అయి, దూరం 37 అయితే ప్రోగ్రాం 63 అని రాస్తుంది. అందుకే హద్దు దగ్గర ఈ కొలత గట్టిది, కింద 35, 40 ప్రాంతంలో కొన్ని డిగ్రీలు అటూ ఇటూ పోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోర్ 36, పక్కది 41 చూపిస్తే కంగారు పడి సీపీయూకూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్ట్ మార్చకండి. ఏఎండీలో ఇంకో చిక్కు ఉంది: టీసీటీఎల్ అనేది ఫ్యాన్ వేగం నిర్ణయించడానికి ఉన్న అంకె. రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్‌లలో అది అసలు వేడి కన్నా 20 డిగ్రీలు ఎక్కువ, 2700ఎక్స్‌లో 10 ఎక్కువ. వాటిలో అసలు వేడి చెప్పే టీడై అనే వరస ఉంటే దాన్నే చూడాలి.

అసలు గందరగోళమంతా మదర్‌బోర్డు మీది సెన్సార్ చిప్పుతో. నువోటాన్, ఐటీఈ కంపెనీల చిప్పులు ఫ్యాన్లనూ, వోల్టేజీలనూ, అరడజను టెంపరేచర్ ఇన్‌పుట్లనూ చూసుకుంటాయి. ఆ చిప్పును వెతికే సెన్సార్స్-డిటెక్ట్‌ను సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపి, ప్రతి ప్రశ్నకూ ఎంటర్ కొట్టుకుంటూ వెళ్లండి, డిఫాల్ట్ జవాబులే క్షేమం. చిప్పు దొరికీ డ్రైవర్ లోడ్ కాకపోతే డీమెసేజ్‌లో (కర్నెల్ సందేశాలు చూపే కమాండ్) ఏసీపీఐ రిసోర్స్ కాన్‌ఫ్లిక్ట్ అనే వరస కోసం వెతకండి. ఆ చిప్పు అడ్రసులను బయోస్ తనవని ముందే రాసుకుందని దాని అర్థం. కర్నెల్‌కు ఇచ్చే బూట్ లైన్‌లో ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్=ల్యాక్స్ పెడితే డ్రైవర్ లోడ్ అవుతుంది. కానీ బయోస్, డ్రైవర్ ఒకేసారి అదే చిప్పును తాకితే రీడింగులు చెదురుతాయి, ఫ్యాన్ల తీరూ తేడాగా మారవచ్చు. ముందు కొత్త కర్నెల్ ప్రయత్నించి, అదీ కుదరకపోతేనే దీని జోలికి వెళ్లండి.

డ్రైవర్ వచ్చాక తెర ఇలా ఉంటుందనుకోండి: సిస్‌టిన్ 41, సీపీయూటిన్ 127, ఆక్స్‌టిన్0 మైనస్ 62, పెసి ఏజెంట్ 0 దగ్గర 58. మైనస్ 62 అంటే చిప్పులోని ఆ ఇన్‌పుట్‌కు బోర్డు మీద ఏ సెన్సారూ తగిలించలేదని. 127, మైనస్ 128 కూడా ఆ కోవవే. సీపీయూటిన్ పేరు చూసి మోసపోతారు చాలామంది, చాలా బోర్డుల్లో అది ఎందుకూ పనికిరాదు. సీపీయూ లోపలి అంకెను తెచ్చేది పెసి. పక్కన అలారం అని కనబడితే హద్దు సున్నాగా ఉందేమో చూడండి, హద్దులు ఎవరూ సెట్ చేయకపోయినా ఆ మాట వస్తుంది.

ఏది నిజమో తేల్చే పరీక్ష రెండు నిమిషాల పని. ఒక టెర్మినల్‌లో సెకనుకోసారి సెన్సార్స్ చూపించేలా వాచ్ పెట్టి, ఇంకో దాంట్లో స్ట్రెస్-ఎన్‌జీతో అన్ని కోర్ల మీదా 60 సెకన్లు లోడు పెట్టండి. సీపీయూ సెన్సార్ ఒకటి రెండు సెకన్లలోనే పది డిగ్రీలో, ఇంకా ఎక్కువో ఎగురుతుంది, లోడు ఆపగానే అంతే వేగంగా పడుతుంది. బోర్డు సెన్సార్ మెల్లగా, నిమిషాల మీద కదులుతుంది. అసలు కదలనిదీ, కారణం లేకుండా గెంతేదీ చెత్త. ఈటీసీ కింద సెన్సార్స్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, ఆ చిప్పు పేరు కింద ఇగ్నోర్ అని, పక్కన ఆ ఇన్‌పుట్ పేరు రాసేస్తే అవి మళ్లీ కనబడవు.

వేడిని బట్టి ఫ్యాన్ వేగం మార్చే ఫ్యాన్‌కంట్రోల్‌నో, సొంత స్క్రిప్టునో వాడేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. లైనక్స్ ఒక్కో సెన్సార్ చిప్పుకు హెచ్‌డబ్ల్యూమాన్2 లాంటి నంబరుతో ఒక ఫోల్డర్ ఇస్తుంది, ఆ నంబరు రీబూట్ తర్వాత 3 కావచ్చు. అప్పుడు ఫ్యాన్‌కంట్రోల్ మొదలవకుండా ఆగిపోవచ్చు, సొంత స్క్రిప్టయితే సీపీయూ ఫ్యాన్ ఎస్ఎస్‌డీ వేడిని చూసి తిరిగే ప్రమాదం ఉంది. ఆ ఫోల్డర్‌లోని నేమ్ ఫైలు చదివి ఏ చిప్పో ఖాయం చేసుకోండి. లోపలి విలువలు వెయ్యో వంతుల్లో ఉంటాయి, 45000 అంటే 45 డిగ్రీలు. సాటా డిస్కుల వేడి కోసం డ్రైవ్‌టెంప్ మాడ్యూల్ విడిగా లోడ్ చేయాలి.

విండోస్‌లో రెండు మానిటరింగ్ ప్రోగ్రాములు ఒకేసారి నడపకండి. ఇద్దరూ ఒకే చిప్పును అడిగినప్పుడు ఒకరి జవాబు ఇంకొకరికి వెళ్లి, క్షణంపాటు 200 డిగ్రీల్లాంటి అంకెలు మెరుస్తాయి. 2025 మార్చి నుంచి సెన్సార్లు మాయమై ఉంటే కారణం వేరే కావచ్చు: చాలా ప్రోగ్రాములు వాడుకునే విన్‌రింగ్0 డ్రైవర్‌ను విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ఆపడం మొదలుపెట్టింది. ఆ డ్రైవర్‌లో భద్రతా లోపం నిజంగానే ఉంది. డిఫెండర్‌కు మినహాయింపు ఇవ్వకుండా, ప్రోగ్రాం కొత్త వెర్షన్ వేసుకోండి.

సెన్సార్ నిజమే చెబుతోందని తేలి, లోడు పెట్టిన రెండు మూడు సెకన్లలోనే 100 తగిలితే తప్పు చాలాసార్లు హీట్‌సింక్ సీపీయూకు సరిగా అంటుకోకపోవడంలో ఉంటుంది. పది నిమిషాల మీద ఎక్కితే దుమ్ము, గాలి ఆడకపోవడం. మొదటి రకమైతే కూలర్ విప్పి అడుగు చూడండి: ప్లాస్టిక్ పొర తీయలేదేమో, పాత పేస్ట్ అచ్చు ఒక పక్కే పడిందేమో. తుడిచి, మధ్యలో శనగగింజంత పేస్ట్ పెట్టి, స్క్రూలు ఎదురెదురు మూలలవి కొద్ది కొద్దిగా బిగిస్తూ రండి. తర్వాత అదే 60 సెకన్ల పరీక్ష మళ్లీ పెట్టండి.