పాత మారుతి 800: ఇంజన్ విప్పే ముందు గేజ్ పెట్టండి

పొద్దున ఒక పట్టాన స్టార్ట్ కాదు, ఐడిలింగ్‌లో బండి వణుకుతుంది, ఎత్తు ఎక్కదు. పాత మారుతి 800 ఈ స్థితికి వస్తే షెడ్డులో మొదట వినపడే మాట "ఇంజన్ పని ఉంది". అది నిజమే కావచ్చు. కానీ రింగుల (పిస్టన్ చుట్టూ గాలి కారకుండా ఆపేవి) పని, హెడ్ (గాలి, పొగ దారులు తెరిచి మూసే వాల్వులుండే ఇంజన్ పై భాగం) పని, ట్యాపెట్ల (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు) సర్దుబాటు ఒకటి కావు, వాటి ఖర్చులూ ఒకటి కావు. ఏది కావాలో తేల్చేది కంప్రెషన్ గేజ్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో చూపే మీటరు. ఇక్కడ చెప్పేది కార్బురేటర్ ఉన్న 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ గురించి. పద్మినికైనా అంబాసిడర్‌కైనా పద్ధతి ఇదే.

గేజ్ కొనేటప్పుడు ప్లగ్గు మరలో బిగించే పైపు ఉన్నదే తీసుకోండి. ఈ ఇంజన్‌కు 14 ఎంఎం మర సరిపోతుంది. రబ్బరు మొనను చేత్తో నొక్కిపట్టే రకంలో గాలి పక్కనుంచి పోతుంది, రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలు వస్తాయి. పైపు చివర, అంటే ప్లగ్గు వైపు, చిన్న వాల్వ్ ఉండాలి. అది లేకపోతే పైపులోని ఖాళీ కూడా సిలిండర్‌లో భాగమైపోయి రీడింగ్ తగ్గుతుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ట్యాపెట్లు సరిచూసుకోండి. గ్యాప్ మరీ తక్కువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. ఎల్‌పీజీ మీద ఎక్కువగా తిరిగిన బండిలో ఇది మరీ ముఖ్యం. వాల్వ్ సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగిపోతుంది, దాంతో గ్యాప్ దానంతట అదే తగ్గిపోతుంది. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులు) పావుగంటలో అయ్యే పని చేయకుండా హెడ్ విప్పడం అన్యాయం.

తర్వాత ఇంజన్ వేడెక్కేదాకా నడిపి ఆపండి. అల్యూమినియం హెడ్ కాబట్టి సలసల కాగుతుండగా ప్లగ్గులు తిప్పితే మర ఊడివస్తుంది, కాస్త ఆగండి. విప్పే ముందు ప్లగ్గుల చుట్టూ దుమ్ము ఊదేయండి. మూడు ప్లగ్గులూ తీసేయాలి. ఒక్కటే తీసి కొలిస్తే మిగతా రెండూ అడ్డుపడి సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంది. కాయిల్‌కు కరెంటు ఇచ్చే వైరు పీకేయండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతున్నప్పుడు నిప్పురవ్వ పుట్టకూడదు. చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి చివరిదాకా తొక్కి అలాగే పట్టుకోవాలి. పదేపదే తొక్కితే కార్బురేటర్ పెట్రోలు చిమ్మి, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. అసలు తొక్కకపోతే ఇంజన్‌కు గాలే అందదు, మంచి సిలిండర్ కూడా చెడ్డదానిలా కనిపిస్తుంది. బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి ఉండాలి.

సెల్ఫ్ కొట్టి గేజ్ ముల్లు ఐదారు సార్లు ఎగిరేదాకా తిప్పండి. రెండు అంకెలు రాసుకోవాలి: మొదటి ఎగురులో ఎంత, చివరికి ఎంత. చాలామంది రెండోదే రాస్తారు, కానీ సగం కథ మొదటిదాంట్లోనే ఉంది. మొదటి ఎగురులోనే చివరి అంకెలో సగం పైన వెళ్లి చకచకా నిండితే సిలిండర్ బాగున్నట్టు. తక్కువతో మొదలై ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతే రింగుల మీద అనుమానం. తక్కువతో మొదలై అక్కడే మొండికేస్తే వాల్వుల మీద.

అంకెల్లో, 160 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) చుట్టూ మూడూ దగ్గరదగ్గరగా ఉంటే పాత ఇంజన్‌కు అది ఆరోగ్యమే. 165, 110, 162 వస్తే రెండో సిలిండర్‌లో తప్పుంది. 160, 95, 90 వచ్చి తగ్గినవి రెండూ పక్కపక్కవైతే, వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద గాలి కారకుండా వేసే పలుచటి పలక) తెగి ఉండొచ్చు. మూడూ సమానంగా పడిపోతే వెంటనే రింగులనకండి. థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) తెరిచి ఉందా, బ్యాటరీ బలంగా ఉందా, టైమింగ్ బెల్ట్ (వాల్వులను పిస్టన్లకు తగ్గట్టు నడిపే పళ్ల బెల్ట్) పన్ను దాటిందా అన్నవి ముందు చూడాలి. ఇంకో మాట: హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, అక్కడి గాలి ఒత్తిడి విశాఖ కంటే దాదాపు 6 శాతం తక్కువ. విశాఖలో 170 చూపే ఇంజన్ హైదరాబాద్‌లో 160 చూపితే అది అరుగుదల కాదు. అందుకే ఒక్క అంకె కంటే సిలిండర్ల మధ్య తేడాకే విలువెక్కువ.

తగ్గిన సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ కొలవడం అందరికీ తెలిసిందే. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్ అంటారు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఈ ఇంజన్ కంప్రెషన్ రేషియో సుమారు 8.7, అంటే పిస్టన్ కింద ఉన్నప్పటి చోటు, పైకి వచ్చాక మిగిలే చోటుకు అన్ని రెట్లు. ఒక్కో సిలిండర్ 265 సీసీ కాబట్టి, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ 35 సీసీ కూడా ఉండదు. అందులో ఒక టీస్పూను, అంటే 5 ఎంఎల్ ఆయిల్ పోస్తే ఏడో వంతు నిండిపోతుంది, బాగున్న సిలిండర్‌లోనూ రీడింగ్ పెరుగుతుంది! కాబట్టి అర టీస్పూను చాలు. అంతే ఆయిల్ బాగున్న సిలిండర్‌లోనూ పోసి కొలవండి. దానికంటే చెడ్డది బాగా ఎక్కువ పెరిగితేనే రింగులు లేదా బోరు (సిలిండర్ లోగోడ) అరిగినట్టు.

ఇంకా సందేహముంటే గాలి పెట్టి వినడమే. ఆ సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ పూర్తయ్యే చోట పైకి తెచ్చి, బండిని టాప్ గేర్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి కొద్దికొద్దిగా వదలండి. ఇంజన్ ఒక్కసారిగా తిరగొచ్చు, ఫ్యాన్ బెల్ట్ దగ్గర చేతులు పెట్టకండి. కార్బురేటర్‌లో బుసబుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ పోసే మూత తీస్తే కాస్త గాలి రావడం మామూలే, ధారగా వస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్ లేదా పగిలిన హెడ్.

వాల్వులే అని తేలితే హెడ్ ఒక్కటి లేత్ షాపుకు పంపితే చాలు, కింది సగాన్ని ముట్టుకోనక్కర్లేదు. హెడ్ తీసినప్పుడు మాత్రం దాని అడుగుకు స్కేలు ఆనించి వంకర ఉందేమో చూడండి, గ్యాస్కెట్ కొత్తదే వేయండి.