నాలుగు కప్పులు, కానీ లెక్క ఒకటి కాదు

ఆస్ట్రేలియా మహిళల రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌డబ్ల్యూలో బ్రిస్బేన్ బ్రాంకోస్ జట్టు 2018, 2019, 2020లో వరసగా మూడు టైటిళ్లు కొట్టింది. ఫైనల్ స్కోర్లు 34-12, 30-6, 20-10. చూడ్డానికి ఏకపక్షమే. కానీ అప్పట్లో ఎన్‌ఆర్‌ఎల్‌డబ్ల్యూలో ఉన్నవి నాలుగే జట్లు. లీగ్‌లో మూడు మ్యాచ్‌లు, పైన నిలిచిన రెండిటికీ ఫైనల్, అంతే. అంటే మూడు కప్పులకూ కలిపి ఆడింది 12 మ్యాచ్‌లు!

2025 సంగతి వేరు. 12 జట్లు, 11 రౌండ్లు, ఆపైన ఫైనల్స్. ఫైనల్లో సిడ్నీ రూస్టర్స్ మీద 22-18 గెలుపు. తేడా నాలుగు పాయింట్లు, అంటే ఒక్క ట్రై (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనించడం) విలువ. నా దృష్టిలో ఈ ఒక్కటే ఆ మూడింటికన్నా బరువైనది. నాలుగుసార్లూ జట్టులో మాత్రం ఆలీ బ్రిగిన్‌షా ఉంది.

కొత్తగా చూసేవాళ్లు స్కోరు బోర్డు వదిలేసి టాకిల్ (బంతి ఉన్న ఆటగత్తెను పట్టుకుని ఆపడం) తర్వాతి రెండు సెకన్లు చూడండి. పడిన అమ్మాయి లేచి, బంతి నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించాలి. అది త్వరగా జరిగితే డిఫెన్స్ సర్దుకునేలోపే తర్వాతి దాడి మొదలవుతుంది. మీద పడ్డవాళ్లు లేవడం ఆలస్యం చేస్తే ఊపు పోతుంది, మరీ సాగదీస్తే పెనాల్టీ. ఉన్నవి ఆరే టాకిళ్లు, ఆపైన బంతి అవతలి జట్టుకే, అందుకే ఐదోది అవగానే చాలాసార్లు కిక్ కొట్టేస్తారు.